నీళ్ళలోకి దిగేముందు ఒక పొట్లం

ఇలా రా హేవొన్, ఇంకాస్త దగ్గరికి జరుగు. చెవుల్లో పెట్టుకున్న ఆ పాటల బిళ్ళలు తీసేయ్ తల్లీ, ఇది సగం చెవితో వినే మాట కాదు. ఆడవాళ్ళంతా గవ్వలకీ నాచుకీ సముద్రంలో మునుగుతున్నారు, ఈ రాతిగోడ చాటున నెగడూ మనిద్దరమూ తప్ప ఎవరూ లేరు, వాళ్ళు ఒడ్డెక్కేలోపు నేను చెప్పాల్సింది చెప్పేయాలి. నీకు చెప్పనని మీ నాన్న నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ఏడాదిపాటు ఆ ఒట్టు నిలబెట్టుకున్నాను, ఇవాళ తప్పుతున్నాను. మీ అమ్మది రక్తం జబ్బని నీకు చెప్పాం కదా, బడిలో నువ్వూ అదే చెప్పుకున్నావు కదా. జబ్బు కాదు. నేను చెప్పబోయేది ఒక్క గంట సంగతి. నిరుడు ఇవే రోజుల్లో, పొద్దున పదకొండు నుంచి పన్నెండు దాకా, పట్నంలో పెద్దాసుపత్రి మూడో అంతస్తులో, నీలం బెంచీ మీద, మీ అమ్మ బట్టల సంచి ఒళ్ళో పెట్టుకుని నేను కూర్చున్న గంట. అరవై ఏళ్ళు నీళ్ళలో మునిగినదాన్ని, ఊపిరి బిగబట్టడం నాకు కొత్తకాదు, కాని ఆ గంట బిగబట్టినంత లోతుగా ఎప్పుడూ బిగబట్టలేదు.

పదకొండుకి డాక్టరు బయటికొచ్చాడు. చిన్నవాడు, జుట్టంతా ఒకపక్కకి అణిగిపోయి, కాళ్ళకి రబ్బరు చెప్పులు. ఆ ముందురోజే మీ అమ్మని తెచ్చాం, జ్వరం, ముక్కులోంచి నెత్తురు, మోకాళ్ళ మీద ఎవరో కొట్టినట్టు నల్లగా కమిలిన మచ్చలు. మీ నాన్న చేపల పడవ మీద దక్షిణాన ఎక్కడో ఉన్నాడు, కబురందింది గాని పడవ తిరిగి రావడానికి ఇంకో రోజు పడుతుంది. అందుకని ఆ డాక్టరుకి జవాబు చెప్పాల్సింది నేనొక్కదాన్నే.

"మామ్మగారూ, మీ కోడలు ఏమేం మందులు వేసుకుందో ఇంకోసారి గుర్తుచేసుకుని చెప్తారా?"

"తలనొప్పి పొడి, బాబూ. నీళ్ళలోకి దిగేవాళ్ళం అందరం వేసుకుంటాం."

"అదొక్కటేనా? ఇంట్లో ఎవరికైనా కీళ్ళనొప్పుల మందులున్నాయా? పసుపుపచ్చ మాత్రలు, చిన్నవి?"

నా నోరు 'లేవు' అంది. నేననలేదు, నా నోరు అంది, అలాగే అనిపించింది అప్పుడు. అతను చేతిలో కాగితాలు తిరగేశాడు. "నెత్తుట్లో ఉండాల్సిన కణాలన్నీ పడిపోయాయి మామ్మగారూ. నోరు, గొంతు, లోపల పేగులదాకా తోలు ఒలిచినట్టుంది. ఎందువల్లో తెలిస్తే విరుగుడు ఉంటే ఇస్తాం. తెలీకపోతే చీకట్లో రాయి వేసినట్టే" అన్నాడు. పన్నెండింటికి లోపలికి పంపిస్తామన్నాడు, తలుపు మూసుకుంది. తలుపు మీద గడియారం, గడియారం కింద టీవీ, టీవీలో ఎవరో అమ్మాయి నవ్వుకుంటూ ముల్లంగి తరుగుతోంది.

పసుపుపచ్చవి, చిన్నవి. అతనికెలా తెలుసు? నేను మందులు దాచిన బిస్కెట్ల డబ్బా అతనెప్పుడూ చూడలేదు కదా. నేను సంచిని ఒళ్ళోకి లాక్కున్నాను, దానిలోపల ఏదో దాచినట్టు. ఏముంది దాన్లో, రెండు జతల లోబట్టలు, తువ్వాలు, మేజోళ్ళు, పళ్ళు తోముకునే బ్రష్షు. ఆ బ్రష్షు పెట్టినందుకు నన్ను నేనే చెంపలేసుకోవాలనిపించింది. చెంచాడు నీళ్ళు తగిలితే ఒళ్ళంతా ముడుచుకుపోతున్న నోరది, పెదవి మీద పెదవి అంటుకుపోయి, తెరిస్తే నెత్తురు, నాలుక పక్కలన్నీ తెల్లగా పొరలు పొరలుగా, ఆ నోటికి నేను బ్రష్షు సర్దాను. తువ్వాల్లోంచి మాచిపత్రి వాసన వచ్చింది. ముఖానికి పెట్టుకునే అద్దానికి ఆవిరి పట్టకుండా మీ అమ్మ రోజూ మాచిపత్రి నలిపి రుద్దేది, అందరికంటే ఎక్కువ రుద్దేది, ఆకుపచ్చ నురగొచ్చేదాకా. మాల్సున్ అక్క ఊరుకునేదా, "ఒసే, అద్దం కడుగుతున్నావా, కూర వండుతున్నావా?" అనేది. మాల్సున్ అక్కకి ఎనభై ఒకటి, ఇప్పటికీ మునుగుతుంది, నోరు మాత్రం మునగదు.

మీ అమ్మ సముద్రం పిల్ల కాదు కదా, కొండపాదాన కమలాతోటల్లో పుట్టింది. ముప్పైమూడో ఏట నేను నేర్పితే నేర్చుకుంది. మొదటి ఏడు అందరూ నవ్వినవాళ్ళే. "చున్‌జా, నీ కోడలు కమలాపండే, పారేస్తే తేలుతుంది గాని మునగదు" అన్నారు. మీ అమ్మ కూడా నవ్వేది. నవ్వి, నడుముకి ఇంకో సీసం బిళ్ళ కట్టమని నా దగ్గరికొచ్చేది. మునగడం రెండేళ్ళలో వచ్చింది, ఈల మాత్రం నాలుగేళ్ళకి గాని రాలేదు. పైకి తేలగానే లోపల బిగబట్టిందంతా పళ్ళసందుల్లోంచి సన్నగా ఈలగా వదలాలి, ఒక్కసారిగా వదిలితే కళ్ళు తిరుగుతాయి, మళ్ళీ మునగలేం. ఏ ఈల ఎవరిదో ఒడ్డున కూర్చుని చెప్పేస్తాం. మాల్సున్ అక్కది తుప్పు పట్టిన తలుపు. నాది పొడుగ్గా ఉండి చివర తెగేది. మీ అమ్మది, ఎలా చెప్పను, నీళ్ళు మరగడానికి ముందు కెటిల్ ఒకటి గునుస్తుందే, అలా. మొదటిసారి ఆ ఈల వినబడినరోజు నేను నీళ్ళలోనే ఏడ్చాను, ఎవరికి తెలుస్తుంది, అంతా ఉప్పే.

బెంచీ మీద నా పక్కన ఒకావిడ ఉడకబెట్టిన గుడ్డు ఒలుస్తోంది. ఒకటి నాకు ఇవ్వబోయింది, "తినండి, కాపలా ఉండేవాళ్ళే ముందు పడిపోతారు" అంది. పుచ్చుకున్నాను. చేతిలో వెచ్చగా ఉంది. తినలేదు. ఆసుపత్రికి తెచ్చేముందు మూడు రోజులూ ఇంట్లో మూడుపూటలా మీ అమ్మకి గుడ్డు పెట్టింది నేనేగా, మెత్తటిదని, నోటికి హాయిగా ఉంటుందని. నోరు పూసిందంటే ఏమంటాం మనం? అలసిపోయావు అంటాం. పరీక్షల్లో నీ నోరు పూసినా, పడవ దిగి వచ్చిన మీ నాన్న నోరు పూసినా ఒకటే మాట, అలసిపోయావు, తిను, పడుకో. మా అమ్మా అదే అనేది, వాళ్ళమ్మా అదే అనుంటుంది. నోటిపూతంటే ఒంటికి సెలవు కావాలని అడగడం, అంతే. ఒళ్ళు నోట్లోంచి ఇంకేదైనా చెప్పొచ్చని మాకెవరికీ తోచలేదు. లేదు, నాకు ఒకరు చెప్పారు. అది తర్వాత చెప్తాను, ఆ గంటలో కూడా అది చివరికే వచ్చింది, నేను రానివ్వలేదు.

పద్నాలుగో ఏట నేను మొదటిసారి లోతు నీళ్ళకి దిగినరోజు మా అమ్మ ఇక్కడే, ఈ రాళ్ళ మధ్యే నన్ను నిలబెట్టి "నోరు తెరు" అంది. తెరిచాను. కాగితం పొట్లం మడత విప్పి తెల్లటి పొడి నాలుక మీద పోసింది, చేదు, ఆ కాగితాన్ని నెగట్లో వేసింది. లోతులో తల పగలకుండా, చెవులు నొప్పెట్టకుండా అది. ఏమిటని అడగలేదు. పెద్దది తెరవమంటే చిన్నది తెరుస్తుంది, ఇక్కడ పద్ధతంతే. ఈ నెగడు దగ్గర కూర్చోవడానికి కూడా పద్ధతుంది కదా, పొగ రాని వైపు మునగడంలో ఆరితేరిన పై వరసవాళ్ళు, పొగ కమ్మేవైపు కింది వరసవాళ్ళు. పై వరస చెప్పింది కింది వరస మింగుతుంది. మాకు మందు రోజుకింత, వారానికింత అని ఎన్నడూ లేదు హేవొన్. మాకు వారాలే లేవు, నీళ్ళున్నాయి. పోటు మెత్తబడ్డ ఏడెనిమిది రోజులు దిగుతాం, పోటు గట్టిపడితే ఇంట్లో ఉంటాం. దిగిన రోజున ఒక పొట్లం, దిగని రోజున లేదు. అరవై ఏళ్ళు నా ఒళ్ళు అలాగే లెక్కపెట్టింది.

నాకు డెబ్బై నాలుగో ఏట వేళ్ళు వంకరపోయాయి, పట్నం డాక్టరు కీళ్ళవాతమని మూడునెలల మందిచ్చాడు. మామూలు మందులు ఒక చుట్ట, పూటకొక పొట్లంగా. అది కాక విడిగా ఇంకొక చుట్ట, వారానికొక పొట్లం, ఒక్కోదాన్లో ఆరు పసుపుపచ్చ చిన్నబిళ్ళలు. అవి వేసుకున్న మర్నాడు కడుపులో తిప్పేది. నాలుగు వేసుకుని మానేశాను, ఎటూ నీళ్ళలోకి దిగడం మానేశాను కదా, నొప్పితోనే కూర్చోవచ్చనుకున్నాను. పారేయడానికి చేతులు రాలేదు. మందు పారేస్తే పాపమనుకునే కాలంలో పుట్టినదాన్ని, బిస్కెట్ల డబ్బాలో దాచాను. ఎనిమిది పొట్లాలు.

నిరుడు వసంతంలో మీ అమ్మ మణికట్లు వాచాయి. పొద్దున్నే చొక్కా గుండీ పెట్టుకోలేకపోయేది, నువ్వే పెట్టావు ఒకరోజు, గుర్తుందా, "అమ్మా, చిన్నపిల్లవైపోయావా" అని వేళాకోళం చేశావు. ఆసుపత్రికి వెళ్తానంది. నేనేమన్నానో విను. "ఈ నీళ్ళు అయ్యాక వెళ్దువుగాని" అన్నాను. ఎందుకంటే ఆ ఎనిమిది రోజులూ చూసి మీ అమ్మని కింది వరసలోంచి నడిమి వరసకి జరపాలా వద్దా అని పెద్దవాళ్ళు తేల్చుకునేవాళ్ళు. ఒక్కరోజు మానినా వచ్చే ఏటికే. మీ అమ్మకి దానిమీద అంత పట్టింపు లేదు. "పొగకి అలవాటైపోయింది అత్తమ్మా, ఎక్కడ కూర్చుంటే ఏం" అనేది. పట్టింపు నాది. నేను దిగడం మానేశాక పై వరసలో నా రాయి ఖాళీగా పడుంది, ఎప్పటికైనా నా ఇంటి మనిషి దాని వైపు ఒక్క అడుగు జరగాలి, కమలాపండన్నవాళ్ళు చూడాలి. ఇది నాకు అప్పుడు కోరికలా తెలియలేదు, కోడలి మీద ప్రేమలాగే ఉండేది. రెండూ ఒకే వాసనేస్తాయి తల్లీ, దగ్గరగా ఉన్నప్పుడు వేరుచేయలేం.

మొదటిరోజు పొద్దున డబ్బా తీశాను. ఎనిమిది పొట్లాలు, ఎనిమిది రోజుల నీళ్ళు. సముద్రపు తల్లే సరిగ్గా కుదిర్చి పంపిందనుకున్నాను. పొట్లం మీద ఎర్రక్షరాలున్నాయి. నాకు చదవడం రాదని అందరూ అంటారు, నేనూ అంటాను, కాని కూడబలుక్కుంటే ఒక వరస చదవగలను హేవొన్. నేను కూడబలుక్కోలేదు. వారానికొకటన్నది ముసలిదానికి, మూత్రపిండాలు నీరసించినదానికి, ఇంట్లో కూర్చునేదానికి. ఇది నలభై నాలుగేళ్ళ ఒళ్ళు, చన్నీళ్ళలో పనిచేసే ఒళ్ళు, దీనికి దిగినప్పుడల్లా ఒకటి పడాలి, అని నా బుర్ర నాకు చెప్పింది, నాకు నిజమే అనిపించింది. ఇక్కడ, నువ్వు కూర్చున్నచోటే మీ అమ్మ నిలబడి అద్దానికి మాచిపత్రి రుద్దుతోంది. "నోరు తెరు" అన్నాను. తెరిచింది. తలనొప్పి పొడి పోశాను, వెనకే ఆరు బిళ్ళలు.

"ఇవేంటి అత్తమ్మా?"

"కీళ్ళకి. మింగు."

"మీవి కదా, మీకు తగ్గిపోతాయిగా?"

"నాకెందుకే, నేనేం మునుగుతున్నానా? మింగు, పోటు మారిపోతోంది."

మింగింది. పొట్లాన్ని నెగట్లో వేశాను. ఎండాకులా ముడుచుకుని కాలిపోయింది, ఎర్రక్షరాలతో సహా. మర్నాడు "చేతులు తేలికపడ్డాయత్తమ్మా" అంది. ఆ మందు అంత తొందరగా పనిచేయదట, తర్వాత డాక్టరు చెప్పాడు. అంటే నన్ను సంతోషపెట్టడానికి అన్న మాట అది. ఆ ఒక్క మాటకి నేను పొంగిపోయి మిగతావన్నీ వేశాను.

టీవీలో ముల్లంగి అయిపోయింది, ఇప్పుడు ఎవరో మిరపపొడి కలుపుతున్నారు, ఎర్రగా, చేతులకి తొడుగులు వేసుకుని. అయిదోరోజు మీ అమ్మ పచ్చడి పక్కకి నెట్టేసింది. కిమ్చి లేకుండా అన్నం ముట్టని మనిషి. నోరు పూసిందంది. మర్నాడు నెగడు దగ్గర బుగ్గ పట్టుకుని కూర్చుంటే మాల్సున్ అక్క, "మొగుడేమో పడవ మీదున్నాడు, మరి ఆ నోరు ఎవరు కొరికారే?" అంది. అందరూ పగలబడ్డారు, మీ అమ్మ నవ్వబోయి పెదవి చిట్లి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేనూ నవ్వాను. నవ్వి "నోరు తెరు" అన్నాను. తెరిచింది, మెల్లగా, సగమే. లోపల బుగ్గల మీద తెల్లగా, అంచులు ఎర్రగా, శనగగింజంత పుళ్ళు. చూశాను. కళ్ళారా చూశాను. చూసి ఆరు బిళ్ళలూ వాటి పక్కనుంచి జాగ్రత్తగా, తగలకుండా, నాలుక వెనక్కి వేశాను. ఎంత మెత్తగా వేశానో తెలుసా.

ఆ రోజే నేను ఒడ్డున నాచు ఏరుతూ ఈలలు లెక్కపెట్టాను. పదకొండుమంది దిగారు, పది ఈలలు. చేతిలో నాచు వదిలేసి నిలబడ్డాను. తేలుతూనే ఉంది, నీళ్ళమీద తేలే ఆ నారింజరంగు బంతి పక్కన తల కనబడుతూనే ఉంది, నోరు మాత్రం మూసే ఉంది, ముక్కుతో పీలుస్తోంది. ఉప్పునీళ్ళు నోట్లోకి పోకుండా. మళ్ళీ మునిగింది. మళ్ళీ తేలింది, చప్పుడు లేకుండా. ఏడేళ్ళుగా నేను విన్న ఈల లేకుండా ఆ పొద్దంతా మీ అమ్మ మునిగి తేలింది, అలసట అనుకున్నాను. ఇంటికెళ్ళి పెద్ద సముద్రపు గవ్వ మాంసం సన్నగా కొట్టి జావ కాచాను, తేనె రాశాను, కాళ్ళు పట్టాను. ఏడోరోజు ఒకటి వేశాను. ఎనిమిదో రోజు ఒకటి వేశాను.

ఎనిమిదో రోజు ఒడ్డెక్కాక మాల్సున్ అక్క ఇనుప కర్రతో నడిమి వరస రాయి మీద కొట్టి, "కమలాపండూ, ఇక్కడికి తగలడు" అంది. మీ అమ్మ వచ్చి కూర్చుంది. పొగ లేనిచోట ఏం చేయాలో తెలీనట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఎవరో నిప్పుల్లో కాల్చిన చిలగడదుంప ఇచ్చారు. తినలేదు, చేతుల్లో పట్టుకుని నావైపు చూసి నవ్వింది, నోరు మూసుకునే. నా గుండె ఎంత నిండిపోయిందో. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే ఈ రాళ్ళకి తల బాదుకోవాలనిపిస్తుంది.

బెంచీ మీద ఇదంతా వరసగా రాలేదు నాకు. ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చింది, గుడ్డు, ముల్లంగి, బ్రష్షు, ఈల. పదకొండూ నలభై అయింది. నా లోపల ఒకటి అంటూనే ఉంది, చెప్పకు, నీ కొడుకొస్తాడు, నీ ముఖం చూస్తాడు, హేవొన్ చూస్తుంది, మాల్సున్ చూస్తుంది, చెప్పినా వయసు మీదపడ్డ మనిషి మాట, మందువల్లే అయ్యుండదు, ఇచ్చింది మందేగా, విషం కాదుగా. దాన్ని విన్నాను. నిజంగా విన్నాను, నీ దగ్గర దాచను. ఆ డాక్టరు మళ్ళీ అటునుంచి ఇటు నడిచాడు, నావైపు చూడలేదు, నేను తల వంచుకున్నాను. చేతిలో గుడ్డు చల్లారిపోయింది.

అప్పుడు ఆ మందుల షాపాయన వచ్చాడు నా తలలోకి. నాలుగేళ్ళ కిందటి మనిషి. బట్టతల, ముక్కు మీదికి జారే కళ్ళజోడు. పసుపుపచ్చ పొట్లాల చుట్ట నాకివ్వకుండా చేతిలోనే పట్టుకుని, "మామ్మా, ఇది వారానికొక్కసారే. నోట్లో పుళ్ళు లేస్తే వెంటనే ఆపేసి పరుగెత్తుకు రావాలి. ఏమన్నానో నాకు తిరిగి చెప్పండి" అన్నాడు. వెనక వరసలో జనం ఉన్నారు, నాకు చిన్నతనమనిపించింది. చెప్పాను. "ఇంకోసారి" అన్నాడు. చెప్పాను. మూడోసారి కూడా చెప్పించాడు. మూడోసారి విసుక్కుంటూ గట్టిగా, షాపంతా వినబడేలా చెప్పాను, 'నోట్లో పుళ్ళు లేస్తే ఆపేయాలి, నాకు చెవుడు లేదు నాయనా'. అందరూ నవ్వారు. నా నోటితో నేను మూడుసార్లు అన్న మాట. తెలీక చేశానని ఎవరికీ చెప్పుకోవడానికి లేదు హేవొన్. తెలుసు. తెలిసి, ఎక్కడో పెట్టి, మరిచి, పుళ్ళ పక్కనుంచి జాగ్రత్తగా బిళ్ళ వేశాను.

లేచాను. గుడ్డు బెంచీ మీద పెట్టేశాను. గుడ్డావిడ చంకలో చెయ్యి వేసి తలుపుదాకా నడిపించింది. తలుపు పక్కనున్న గంట నొక్కమని రాసుంటుంది, నేను నొక్కలేదు, అరచేత్తో తలుపు బాదాను. అతనే వచ్చాడు.

"బాబూ, నేను అబద్ధం చెప్పాను. పసుపుపచ్చవి నేనే ఇచ్చాను."

"ఎన్ని?"

"ఎనిమిది పొట్లాలు. ఒక్కోదాన్లో ఆరు."

"ఎన్ని వారాల్లో?"

"ఎనిమిది రోజుల్లో."

తిట్టలేదు. పెదవులు కదిలాయి, లెక్క కడుతున్నట్టు. "ఆఖరుది ఎప్పుడు?" అన్నాడు. నాలుగు రోజులైందన్నాను. పరుగెత్తాడు, ఒక చెప్పు అక్కడే ఊడిపోయింది, నేను దాన్ని తీసి పట్టుకుని నిలబడ్డాను. విరుగుడు పసుపుపచ్చగానే ఉంది, సీసాలోంచి బొట్టు బొట్టుగా. తర్వాత నాకు నెమ్మదిగా చెప్పాడు, చెప్పి మంచిపని చేశారన్నాడు, తలనొప్పి పొడి కూడా దానికి తోడై లోపల విషాన్ని నిలవబెట్టిందన్నాడు, "పుళ్ళు లేచిన రోజునే ఆపేసుంటే..." అని సగంలో ఆగిపోయాడు. మంచివాడు. మిగతా సగం నేనే పూర్తిచేసుకున్నాను, ఏడాదిగా రోజూ పూర్తిచేసుకుంటూనే ఉన్నాను.

పన్నెండింటికి లోపలికి పంపారు. చెవి దగ్గర వంగి చెప్పాను. "మీరాన్, అవి వారానికొకటి వేసుకోవాల్సినవట. నాకు తెలుసే. నేనే చేశాను ఇది" అన్నాను. కళ్ళు తెరిచి నన్ను చూసింది. చాలాసేపు చూసింది. మళ్ళీ మూసుకుంది. నోటి మీద తడిగుడ్డ వేసుంది. నర్సమ్మ పక్కనుంచి, "క్షమించేసింది మామ్మా, కళ్ళలో తెలుస్తోంది" అంది. అలా ఎవరైనా నీకు చెప్తే నమ్మకు. క్షమించిందో, అలసిందో, అర్థమే కాలేదో, నాకు తెలియదు. నాకు తెలియనిది నీకు తెలుసని చెప్పను. నాలుగోరోజు తెల్లవారుజామున మీ అమ్మ ప్రాణం పోయింది. మీ నాన్న అంతా విన్నాడు. పడవ చొక్కాతోనే గోడకి ఆనుకుని కూర్చుని, "పిల్లకి చెప్పకమ్మా, దానికి మిగిలింది నువ్వే" అన్నాడు. అందుకే చెప్పలేదు. నువ్వు రాత్రుళ్ళు నా పక్కలో ముడుచుకు పడుకుంటే, నీ ప్రేమని దొంగతనంగా పొందుతున్నాననుకుంటూ నీ వీపు నిమిరాను.

మరి ఇవాళ ఎందుకంటావా. నిన్న మధ్యాహ్నం ఇక్కడే, ఇదే నెగడు దగ్గర, మాల్సున్ అక్క తన నడుము సంచిలోంచి పొట్లాల చుట్ట తీసి, కొత్తగా వచ్చిన ఆ పట్నంపిల్లకి ఒకటి చింపి ఇచ్చింది. "నా మోకాలికిచ్చారే, ఏనుగునైనా లేపుతుంది, నోరు తెరు" అంది. ఆ పిల్ల తెరిచింది. అక్క తప్పులేదు, మనందరం అంతే. నేను లేచి ఆ చెయ్యి పట్టుకోవాలి కదా? కూర్చునే ఉన్నాను. మీరాన్‌కి రక్తం జబ్బని ఊరంతా నమ్ముతోంది, ఆపితే ఎందుకని అడుగుతారు, ఆ అబద్ధం విప్పాల్సొస్తుంది. ఆ పిల్ల మింగేసింది. ఆ పొట్లం ఏమిటో నాకు తెలీదు, మంచిదే అయ్యుండొచ్చు. రాత్రంతా ఆ పిల్ల నోరే నా కళ్ళముందు ఆడింది.

నీకు చదవడం వచ్చు, మాట్లాడటం వచ్చు. కోపమొస్తే రానీ, నా పక్కలో పడుకోకపోతే పడుకోకు, మీ నాన్నతో నేను చెప్పుకుంటాను. అన్నం మాత్రం తిను. వినడమైతే విన్నావుగా, ఇక దీన్ని మరిచిపోవద్దు. వాళ్ళు ఇప్పుడు ఒడ్డెక్కుతారు, చలికి వణుకుతూ వచ్చి ఈ రాళ్ళమీద కూర్చుంటారు. నేనిక్కడే ఉంటాను, లేచి వెళ్ళను. నువ్వు వాళ్ళకి చెప్పు. రేపు ఇంకెవరైనా వస్తే వాళ్ళకీ చెప్పు, నీకు కూతుళ్ళు పుడితే వాళ్ళకీ చెప్పు. ఒకరి మందు ఇంకొకరి నోట్లో వేయొద్దని, నోరు పూస్తే అలసట అనే ముందు ఏం మింగావని అడగమని. చెప్పేటప్పుడు 'ఎవరో ఒక ముసలావిడ' అనకు తల్లీ. అలా అంటే ప్రతి ముసలిదీ అది ఇంకెవరో అనుకుంటుంది, నేనూ అలాగే అనుకునేదాన్ని. పేరు పెట్టి చెప్పు. ఈ ఊరి బూ చున్‌జా, మా నాయనమ్మ, అరవై ఏళ్ళు నీళ్ళు తెలిసిన మనిషి, మా అమ్మ నోట్లో పుళ్ళు చూసి కూడా వేసిందని చెప్పు. అదిగో, వస్తున్నారు. లే, వాళ్ళకి చోటివ్వు, ఇంకో రెండు కట్టెలు వెయ్యి.